ముందు నీళ్లెక్కడివో చూడండి: పాత ఇళ్లు బాగుచేసే కాంట్రాక్టర్లకు, మేస్త్రీలకు, ఇంజనీర్లకు బహిరంగ లేఖ

అయ్యలారా,

మీలో చాలామందికి నేనెవరో తెలియదు. తెలిసిన ఒకరిద్దరు నా ఫోను ఎత్తడం మానేశారు. అందుకే ఈ ఉత్తరం అందరికీ కలిపి రాస్తున్నాను.

రాజమహేంద్రవరంలో మా తాతగారు 1930లలో కట్టించిన ఇల్లు మాది. ఇటుకకు గానుగ సున్నం పెట్టి కట్టిన గోడలు, పద్దెనిమిది అంగుళాల మందం. ముందు వసారా, రెండు గదుల మీద పెంకులు. వెనక భాగం టేకు దూలాల మీద వేసిన మిద్దె. కొన్నేళ్ల కిందట వీధి గది గోడకు మోకాలి ఎత్తున చెమ్మ కనిపించింది. సున్నం పెచ్చులుగా ఊడేది. ఊడ్చిన ప్రతిసారీ గోడ వారన తెల్లటి పొడి పోగయ్యేది. మీలో ఒకరిని పిలిచాను.

ఆయన గుమ్మంలోనే నిలబడి గోడ చూశారు. పిడికిలితో రెండు చోట్ల కొట్టారు. "లోపలంతా డొల్ల అండీ, సున్నం చచ్చిపోయింది. మొత్తం కొట్టేసి సిమెంటు ప్లాస్టరింగ్ చేద్దాం. అందులో వాటర్‌ప్రూఫ్ కలుపుతాం. కింద నాలుగు అడుగులు టైల్స్ వేసేద్దాం. మీ మనవల కాలం దాకా ఇక చూసుకోనక్కర్లేదు" అన్నారు. ఇంటి వెనక్కి రాలేదు. పైకి ఎక్కలేదు. వీధి కాలువ ఎక్కడుందో అడగలేదు. మర్నాడు ఫోనులో అంకె చెప్పారు: లక్షా ఎనభై వేలు.

పని చూపులకు బాగానే వచ్చింది. గజంబద్ద ఆనించి చూస్తే ఎక్కడా వంకర లేదు. రెండు పూతల లప్పం, పైన ఖరీదైన రంగు. మొదటి వర్షాకాలం వెళ్లేసరికి టైల్స్‌కు పైన, అంతకు ముందెన్నడూ తడి ఎరగని చోట, గోడ పొడవునా గోధుమ రంగు గీత పడింది. మరుసటి ఏడాది ఆ గీత మీద రంగు బుడగలు కట్టింది. వేలితో నొక్కితే బుడగ చిట్లి మెత్తటి పొడి అరచేతిలోకి రాలేది. టైల్స్ వెనక ఏం జరుగుతోందో మాత్రం చాలాకాలం కనపడలేదు. ద్వారబంధం కాళ్ల దగ్గర టేకు మెత్తబడి గోటికి ఊడి వస్తుంటే అప్పుడు తెలిసింది.

మళ్లీ పిలిస్తే ఆయన వచ్చారు, మర్యాదగానే మాట్లాడారు. "మా పనిలో లోపం లేదండీ, మీ గోడే పాతది" అన్నారు.

గోడ పాతదని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. పాతది కనుకనే పిలిచాను. ఎస్టిమేటు చెప్పేటప్పుడు పాత గోడను బాగుచేయడం ఆయనకు చేతనైన విద్య. డబ్బు ముట్టిన తర్వాత అదే పాత గోడ దైవఘటన. మీలో ఇంకెంతమంది ఇదే మాట ఎన్ని ఇళ్లలో చెప్పారో గాని, ఈ మాట విన్నవాళ్లు మా వీధిలోనే చాలామంది ఉన్నారు.

తర్వాత వచ్చినాయన గోడ అడుగున వరసగా బెజ్జాలు పెట్టి మందు ఎక్కిస్తానన్నారు. మంచి ఇటుక గోడలో, సరైన పద్ధతిలో చేస్తే ఆ మందు కొంత పనిచేస్తుందనే విన్నాను. కానీ మా గోడ లోపల ఇటుక ముక్కలూ సందులూ ఎక్కువ. పోసిన మందు ఒక బెజ్జంలోంచి ఎటు పోయిందో కూడా తెలియలేదు. ఇంకొకాయన గోడ జోలికే పోవద్దని, ప్లాస్టిక్ పలకలు బిగించి కప్పేద్దామని సలహా ఇచ్చారు. ఆయన దృష్టిలో చెమ్మ కనపడకపోతే లేనట్టే. మూడు సలహాలూ విన్నాక నాకు తోచింది ఒకటే. ముగ్గురిలో ఎవరూ ఈ నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయని అడగలేదు.

నేను ఇంజనీరును కాను. కానీ హైస్కూలు భౌతికశాస్త్రం అందరం చదువుకున్నదే. పాత ఇంట్లోకి నీరు ప్రధానంగా మూడు దారుల్లో వస్తుంది. నేలలోంచి పునాది పీల్చుకుంటుంది, పైనుంచి కప్పు కారుతుంది, మధ్యలో ఎక్కడో గొట్టం చీలుతుంది. గాలిలోని తేమ చల్లటి గోడకు పట్టడం నాలుగోది. గాలాడని చోట, బీరువా వెనకా పరుపుల వెనకా బూజు పడితే ముందు దాన్ని అనుమానించాలి. ఒక్కోదానికి ఒక్కో మందు. మీ దగ్గర మాత్రం అన్నిటికీ ఒకటే డబ్బా ఉంటోంది.

మా వీధి గదిది మొదటి రకం. ఇటుకలోనూ సున్నంలోనూ కంటికి కనపడని సన్నని రంధ్రాలుంటాయి. ప్రమిదలో వత్తి నూనె పీల్చినట్టు నేలలోని తడి వాటిలోంచి గోడలోకి ఎక్కుతుంది. ఎంత ఎత్తు ఎక్కుతుందన్నది, కింద ఎంత పీలుస్తోంది, పక్కల నుంచి ఎంత ఆరుతోంది అన్న రెండింటి మధ్య తేలే లెక్క. సున్నం పూసి, ఏటా సంక్రాంతికి వెల్ల వేసి, అడుగున జాజు పట్టీ తీర్చిన గోడ ఎక్కిన నీటిని ఎక్కినట్టే గాలికి వదిలేస్తుంది. అందుకని తడి మోకాలి ఎత్తు దగ్గరే ఆగుతుంది. అదే గోడకు నాలుగు అడుగుల ఎత్తున సిమెంటు పూసి, దాని మీద టైల్స్ అతికిస్తే నీరు బయటికి వచ్చే దారి మూసుకుపోతుంది. కింద పీల్చడం మాత్రం ఆగదు. దారి దొరికేదాకా తడి పైకి పోతుంది. టైల్స్ పైన వచ్చిన ఆ గోధుమ గీత దానికి దారి దొరికిన చోటు. నేను డబ్బిచ్చి చెమ్మను రెండడుగులకు పైనే ఎక్కించుకున్నాను, అంతే జరిగింది.

నీరు ఒంటరిగా రాదు. నేలలోనూ ఇటుకలోనూ ఉన్న లవణాలను కరిగించుకుని వెంట తెస్తుంది. సల్ఫేట్లు, క్లోరైడ్లు సరేసరి. ఒకప్పుడు పశువుల కొట్టాలో మరుగుదొడ్లో ఉన్న చోటైతే నైట్రేట్లు కూడా. నీరు ఆవిరైన చోట ఉప్పు మిగిలి స్ఫటికాలు కడుతుంది. ఆ స్ఫటికం పెరుగుతూ రంధ్రాన్ని లోపలి నుంచి నెడుతుంది. పూత సున్నానిదైతే ముందు అదే పొడిగా రాలిపోయి ఇటుకను కాపాడుతుంది. రాలిన పూతను కొన్నేళ్లకోసారి మళ్లీ పూసుకోవచ్చు. గోడ నిలబడటానికి పూత అరిగిపోవాలన్నదే పాత మేస్త్రీల లెక్క. సిమెంటు పూత పాత ఇటుక కంటే గట్టిది. అది ఊడేటప్పుడు ఒంటరిగా ఊడదు. మా గదిలో టైల్స్ పీకించినప్పుడు ఒక్కో పెచ్చుకు వెనక ఇటుక ముఖం పొరగా అంటుకుని వచ్చింది, ఎర్రగా, తడిగా. దాదాపు తొంభై ఏళ్లు చెక్కుచెదరని ఇటుక మూడేళ్ల సిమెంటు కింద పిండి అయింది.

మాలులో, అంటే సిమెంటో సున్నమో ఇసుకతో కలిపిన ముద్దలో, కలిపే ఆ వాటర్‌ప్రూఫ్ ద్రావణాల గురించి కూడా ఒక మాట. వాటికి భారతీయ ప్రమాణం ఉంది, ఐఎస్ 2645. సిమెంటు మాలులోంచి నీరు దూరకుండా చేయడం వాటి పని. నీళ్ల ట్యాంకుకు, స్నానాల గది నేలకు, కొత్త శ్లాబుకు వాడితే అర్థముంది. గోడ పొట్టలో ఇప్పటికే ఉన్న నీటిని అవి ఏం చేస్తాయి? లోపలే పెట్టి తలుపు వేస్తాయి. మాలు కలిపే నీళ్ల సంగతి ఇంకా విచిత్రం. ఐఎస్ 456 ప్రకారం ఇనుము ఉన్న కాంక్రీటుకు వాడే నీళ్లలో క్లోరైడ్లు లీటరుకు 500 మిల్లీగ్రాములు, ఇనుము లేనిదానికి 2000 మిల్లీగ్రాములు దాటకూడదు. సముద్రం వైపు ఊళ్లలో నోట్లో పోసుకోలేని బోరు నీళ్లతో మాలు కలిపి, ఏడాది తర్వాత గోడ ఉప్పు పట్టిందని ఇంటివాళ్లకు చెబుతుంటారు. ఉప్పు ఎవరు తెచ్చారు మరి?

చివరికి మా గోడను చూసిపెట్టింది ఒక ముసలి మేస్త్రీ. డెబ్బై దాటిన మనిషి, తాపీ పట్టడం మానేసి కొడుకుల దగ్గర ఉంటున్నారు. లోపలికి రాకుండా వీధిలోనే కాసేపు నిలబడి ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "ఈ రోడ్డు ఎప్పుడు ఎత్తు చేశారండీ?"

మా అరుగుకు నాలుగు మెట్లుండేవి. ఇప్పుడు రెండే కనిపిస్తాయి. మిగతా రెండూ వరసగా వేసిన సిమెంటు రోడ్ల కింద ఉన్నాయి. అంటే ఒకప్పుడు వీధికి నడుం ఎత్తున ఉన్న మా ఇంటి నేల ఇప్పుడు మోకాలి ఎత్తున ఉంది. పునాదికి పైన, ఇంటి నేలకు కింద బయటికి కనిపించేలా కట్టిన గోడలో కొంత మట్టిలోకి పోయింది. పక్కనే కాలువ, అదీ రోడ్డుతోపాటు లేచింది. వాన వెలిసిన తర్వాత కూడా కాలువలో నీరు మా గోడను ఆనుకునే ఉంటుంది. మేస్త్రీగారు గోడ లోపలి వైపు గోరుతో గీకి, రాలిన పొడిని నాలుకకు అంటించుకుని చూశారు. పెరట్లోకి వెళ్లి, పెంకుల కప్పు మిద్దెను కలిసే చోట రేకు దోనె తుప్పు పట్టి, దాని నీరంతా గోడ నడినెత్తిన పడుతోందని చూపించారు. "కింద నుంచి తాగుతోంది, పైనుంచీ పోస్తున్నారు, మధ్యలో కోటు తొడిగారు" అని నవ్వారు. గంట సేపు పట్టింది. డబ్బు ఇవ్వబోతే టీ చాలన్నారు.

ఆ గంట సేపటి పనికి మీలో ఎవరికైనా ఫీజు ఇవ్వడానికి నేను సిద్ధం. నాలాంటి వాళ్లు చాలామంది సిద్ధం. మీరు అడగరు. చూసినందుకు డబ్బు తీసుకునే అలవాటు మీకు లేదు కాబట్టి చూసే అలవాటు కూడా పోయింది. ఎస్టిమేటు ఉచితం అంటారు. ఆ ఉచితం ఖరీదు ఎంతో పైన చెప్పాను.

రోడ్ల విషయం పురపాలక సంఘాలకు చెప్పాల్సింది గాని, మీలో చాలామంది ఆ పనులూ చేస్తారు కాబట్టి ఇక్కడే అంటున్నాను. పాత పొర గీకి తీయకుండా దాని మీదే కొత్త పొర వేస్తూ పోతే వీధిలో ప్రతి పాత ఇల్లూ పల్లమైపోతుంది. తమిళనాడులో 2021లో ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి పాత పొరను గీకిన తర్వాతే కొత్త రోడ్డు వేయాలని ఆదేశాలిచ్చారు. ఎంత అమలైందన్నది వేరే ప్రశ్న. ఇంటి గుమ్మం ముందు మట్టం ఎంత ఉండాలో చూసుకోవడం రోడ్డు పనిలో భాగమేనని కాగితం మీదైనా ఒప్పుకున్నారు.

మిద్దె సంగతి రాయకుండా ఉండలేను, ఎందుకంటే అక్కడ జరగబోయింది చెమ్మ కంటే ప్రమాదం. దూలాల మీద చిన్న ఇటుకలను నిలువుగా సున్నంతో పేర్చి, పైన ఇటుక జల్లి సున్నం కాంక్రీటు దిమ్మిసా కొట్టి, పలక పెంకులు పరిచిన మద్రాసు మిద్దె మాది. తూము దగ్గర కారుతోందంటే, మొత్తం మీద నాలుగు అంగుళాల కాంక్రీటు వేసేద్దామన్నారు ఒక ఇంజనీరు. లెక్క వేసుకోండి. నాలుగు అంగుళాల కాంక్రీటు అంటే వంద చదరపు అడుగులకు రెండు టన్నులు దాటుతుంది. ఆ బరువు మోయాల్సింది తొంభై ఏళ్ల టేకు దూలాలు. వాటి కొసలు ఉన్నది తడి గోడల్లో. కొస పుచ్చిందో లేదో మొలతో గుచ్చి కూడా చూడకుండా ఆ మాట ఎలా అనగలిగారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. తూము నోట్లో మొలిచిన రావి మొక్కను వేరుతో సహా తీసి, చుట్టూ రెండు గజాల మేర సుర్కీ సున్నంతో, అంటే ఇటుక పొడి కలిపిన సున్నంతో, సరిచేస్తే కారడం ఆగిపోయింది.

పరీక్షలకు ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. అనుమానమున్న గోడ మీద మూరెడు అల్యూమినియం రేకు కాగితాన్ని నాలుగు వైపులా గట్టిగా టేపుతో అంటించి ఒకటి రెండు రోజులు వదిలేయండి. గోడ వైపు నీటి చుక్కలుంటే తడి గోడలోంచి వస్తోంది. గది వైపు ఉంటే గాలిలోది. రాత్రి కుళాయిలన్నీ కట్టేసి ట్యాంకు మట్టం గీత గీసి, తెల్లవారి చూడండి. తగ్గితే ఎక్కడో గొట్టం కారుతోంది. వాడిన నీళ్లు పోయే గొట్టంలో రంగు కలిపి పోస్తే గోడ మీద ఎక్కడ తేలుతుందో కనిపిస్తుంది. జడివానలో ఒకసారి గొడుగు వేసుకుని ఇంటి చుట్టూ తిరగడం వీటన్నిటికంటే మేలు. మీలో ఎవరైనా వానలో ఎస్టిమేటుకు వచ్చారా? ఎండాకాలం వచ్చి చూస్తే కప్పు, దోనె, కాలువ అన్నీ బుద్ధిగా ఉంటాయి.

ఇదంతా చదివి, నేను సిమెంటు వ్యతిరేకినని అనుకోకండి. నా బాల్యంలో వంటింటి నేల మీద సిమెంటు గచ్చు చేయించినప్పుడు మా అమ్మ పడ్డ సంతోషం నాకు గుర్తుంది. కానీ సిమెంటు మన దగ్గర నిన్నటి సరుకు. మన దేశంలో దాని తయారీకి తొలి ప్రయత్నం 1904లో మద్రాసులో జరిగింది, సముద్రపు గవ్వలు కాల్చి. అది నిలవలేదు. 1914లో పోర్‌బందర్‌లో పెట్టిన కర్మాగారంతో గాని పని కుదురుకోలేదు. అంతకు ముందు కట్టిన పక్కా కట్టడాల్లో ఎక్కువ భాగం సున్నంతోనే కట్టారు. మా ఊరికి కూతవేటు దూరంలో 1847లో మొదలుపెట్టి 1852కు పూర్తి చేసిన ధవళేశ్వరం ఆనకట్ట గోదావరి వరదల్లో వందేళ్లకు పైగా నిలబడి డెల్టాను తడిపింది. అలాంటి సున్నాన్ని "చచ్చిపోయింది" అని పిడికిలితో కొట్టి తేల్చేయడం మాత్రం నాకు మింగుడు పడదు.

సున్నం పూస్తే చెమ్మ పోతుందని కూడా నేననడం లేదు. ఈమధ్య సున్నం పేరు చెప్పి, బెల్లం, కరక్కాయ, కోడిగుడ్డు అని జాబితా చదివి, రెట్టింపు ధరలు పలికే వాళ్లు కూడా తయారయ్యారు. బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు మన మేస్త్రీలు వాడినవే, వాటి గుణం వాటికుంది. అయితే పునాదిలోకి కాలువ నీరు దిగుతుంటే కరక్కాయ ఏం చేస్తుంది? ముందు నీటిని మళ్లించాలి. తర్వాత గోడను ఆరనివ్వాలి. మందపాటి తాపీ గోడ ఆరడానికి అంగుళానికి నెల చొప్పున పడుతుందని వాడుకలో ఉన్న లెక్క. మా గోడకు ఏడాదిన్నర అన్నమాట. అన్నాళ్లు పూత లేని గోడను చూస్తూ కూర్చోవడం కష్టమే. వచ్చినవాళ్లంతా అడుగుతారు, ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. కానీ ఆ మాట ముందే చెప్పే కాంట్రాక్టరు మీద నాకు గౌరవం కలుగుతుంది. పదిహేను రోజుల్లో పని ముగించి తాళం చేతికిస్తాననేవాడి మీద కలగదు.

సున్నం పనికి లెక్కాపత్రం లేదని, నాటు పని అని మరొక మాట వింటుంటాను. ఇళ్లకు వాడే సున్నానికి ఐఎస్ 712 ఉంది. ఏ తరగతి సున్నం తాపీకి, ఏది తెల్లపూతకు అని అందులో విడివిడిగా రాశారు. మాలు కలపడానికి ఐఎస్ 2250 ఉంది. సున్నం మాలు, సిమెంటు సున్నం కలిపిన మాలు రెండూ అందులో ఉన్నాయి. వెల్ల వేయడానికి అంగట్లో దొరికే సంచుల్లోని పొడి నెలల తరబడి గాలి తగిలి సగం సత్తువ పోయినదై ఉంటుంది. దాన్ని కలిపి పూసి, "చూశారా, సున్నం పట్టలేదు" అనడం న్యాయం కాదు. కాల్చిన సున్నపురాయి తెచ్చి, నీళ్లలో విరిసేలా చేసి, గుంటలో నానబెట్టి, వారాలు ఆగి తీసిన ముద్ద వేరు.

పనివాళ్లు దొరకరన్నది మీ చివరి సమాధానం. ఇందులో సగం నిజముంది. కానీ హైదరాబాదులో కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013లో మొదలుపెట్టిన పనులను చూడండి. 20వ శతాబ్దంలో గుమ్మటాల మీద పూసిన సిమెంటును ఓపికగా గీకి తీసి, మళ్లీ సున్నం పూశారు. ఆ పని చేసింది మన తాపీ మేస్త్రీలే. చౌమహల్లా ప్యాలెస్ పునరుద్ధరణకు 2010లో యునెస్కో గుర్తింపు వచ్చింది. నవాబుల కట్టడాలకు దొరికే పనితనం మా వీధి గదికి అక్కర్లేదు. అందులో పదోవంతు తెలిసిన మనిషి జిల్లాకు కొందరుంటే చాలు. హైదరాబాదులో 1998 నుంచి నిర్మాణ కార్మికులకు శిక్షణనిచ్చే జాతీయ నిర్మాణ అకాడమీ ఉంది. పాలిటెక్నిక్‌లున్నాయి, ఇంజనీరింగ్ కళాశాలలకైతే లోటే లేదు. నిర్మాణ సామగ్రి పాఠంలో సున్నం ఒక అధ్యాయంగా వచ్చి పరీక్షతో పోతుంది. పాత గోడ ముందు నిలబెట్టి, దీనికేమైంది చెప్పు అని విద్యార్థిని అడిగే పాఠం మాత్రం నాకెక్కడా కనపడలేదు. కొత్త ఇల్లు ఎలా కట్టాలో నేర్చుకున్నవాళ్లే పాత ఇంటికి ఎస్టిమేటు రాస్తున్నారు. మీలో పాఠాలు చెప్పేవాళ్లుంటే ఈ పేరా మీకోసం.

ఇక కాగితాల సంగతి. కొత్త ఫ్లాటు కొన్నవాడికి రెరా చట్టం, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, ఉంది. నిర్మాణ లోపం అయిదేళ్లలోపు బయటపడితే బిల్డరు తన ఖర్చుతో సరిచేయాలి. అమ్మకంతో సంబంధం లేని మరమ్మతు పనులకు ఆ చట్టంలో రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కాబట్టి సొంత ఇల్లు బాగుచేయించుకున్న నాలాంటి వాడికి ఆ అయిదేళ్ల హామీ లేదు. మిగిలింది 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం. ఇల్లు కట్టడం అందులో సేవగానే లెక్క. జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు. అయిదు లక్షల లోపు వ్యవహారానికి ఫీజు కూడా లేదు. అయితే ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. చెమ్మ మొదటి వానాకాలం గీతగా కనిపిస్తుంది, రెండో వానాకాలం బుడగ కడుతుంది. ఈలోగా మీరు "ఈ ఎండాకాలం ఆరనివ్వండి, చూద్దాం" అంటారు. ఆ చూద్దాం అన్న మాటలోనే గడువు కరిగిపోతుంది. ఇందులో మీ ఉద్దేశం ఏమైనా కావచ్చు, ఫలితం మాత్రం ఎప్పుడూ మీకే అనుకూలం.

మా పనికి నా దగ్గర మిగిలిన కాగితం ఒకటే. డైరీలోంచి చింపిన పేజీ. అందులో ఇలా ఉంది: "ఫ్రంట్ రూము వాల్స్ రిపేరు, టైల్స్ సహా, మొత్తం." కింద అంకె, కింద గీత. ఏ సిమెంటు, ఏ పాళ్లు, ఎంత మందం, ఎన్ని రోజులు నీళ్లు కొట్టాలి, ఎందుకు ఈ పని చేస్తున్నారు, దేన్ని బాగుచేస్తామని మాట ఇస్తున్నారు, ఒక్కటీ లేదు. ఏ కమిషన్ ముందైనా ఈ పేజీతో నేనేం చెప్పగలను? గోడను చూపించగలను గాని గోడను జేబులో పెట్టుకుని వెళ్లలేను కదా.

అందుకని నేను కోరేది చాలా చిన్నది, మీకూ లాభమైనది. పాత ఇంటికి వచ్చినప్పుడు ముందు ఒక పూట చూడండి, చూసినందుకు ఫీజు తీసుకోండి. నీరు ఎక్కడి నుంచి వస్తోందని మీరు అనుకుంటున్నారో ఒక వాక్యం రాయండి. ఏ పరీక్ష చేసి అనుకున్నారో ఇంకొక వాక్యం రాయండి. ఆ కారణాన్ని తీసేయడం మీ పనిలో ఉందో, లేక పురపాలక సంఘం పనో, పక్కింటివాళ్ల పనో చెప్పండి. కారణం మీ చేతిలో లేకపోతే, "పూత పూస్తాను, చెమ్మ మళ్లీ వస్తుంది" అని ఉన్నమాట అనండి. అప్పుడు పూయించుకోవాలో లేదో మేం నిర్ణయించుకుంటాం. హామీ ఇస్తే దేనికిస్తున్నారో రాయండి. డబ్బా మీద కంపెనీ అచ్చు వేసిన పదేళ్ల హామీ డబ్బాలోని సరుకుకే గాని మా గోడకు కాదని ఇప్పుడు మాకు తెలుసు. సొమ్ములో కొంత మొదటి వానాకాలం వెళ్లేదాకా మా దగ్గరే ఉంచనివ్వండి. ప్రభుత్వ పనుల్లో మీరు ఇదే పద్ధతికి ఒప్పుకుంటారు. మా దగ్గర మాత్రం అది అవమానంగా భావిస్తారు ఎందుకో.

కూలి ధరలు పెరిగిన మాట, పనివాళ్లు నిలవని మాట, సరుకు ధర వారానికోసారి మారే మాట నాకు తెలుసు. పాత ఇంటి పని చిరాకు పని. గోడ తవ్వితే ఏం బయటపడుతుందో ముందే చెప్పలేరు. దానికి తగ్గట్టు ఎక్కువే అడగండి. బేరమాడే వాళ్లం ఉంటాం, మేం కూడా సాధువులం కాదు. కానీ తక్కువ అడిగి, చూడకుండా చేసి, తర్వాత తప్పు గోడ మీద వేయడం ఆపండి.

మా వీధి గది ఇప్పుడు పూత లేకుండా ఆరుతోంది. కాలువ వైపు గోడ పొడవునా మట్టి తవ్వించి, గులకరాళ్లు నింపించి, నీరు పక్కకు పోయేలా వాలు చేయించాను. రేకు దోనె మార్పించాను. ముసలి మేస్త్రీగారు కట్టె చేతపట్టుకుని దగ్గరుండి చేయించారు. పూత పని ఆయన వల్ల కాదని ముందే చెప్పేశారు. వచ్చే వేసవికి గోడ ఆరుతుందని అంచనా. వెనక గది పని కూడా అప్పుడే ఉంటుంది, అక్కడ దూలాల కొసలు చూడాలి. పైన రాసిన పద్ధతికి ఒప్పుకునే వాళ్లు, మా ప్రాంతంలో పని చేసేవాళ్లు, ఎవరైనా సరే రండి. సున్నం పని తెలియకపోయినా ఫర్వాలేదు, మేస్త్రీగారు చెబుతానన్నారు. జూలైలో, వాన పడుతున్న రోజు చూసి వస్తే ఇంకా మంచిది.

ఇట్లు,
ఒక పాత ఇంటి యజమాని,
రాజమహేంద్రవరం